విప్పిన తాడు

సెకండ్ ఇయర్ సెలవుల్లో ఒక చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశాను. పెద్దగా ఊహించుకోకండి. విమానాలు తుడవడం, టూల్స్ లెక్కపెట్టడం, టీలు తేవడం.

ఒకరోజు సెస్నా 152 తుడుస్తూ, ఎడమ రెక్కని నేలకి కట్టిన తాడు అడ్డొస్తోందని విప్పాను. తిరిగి కట్టకుండానే భోజనానికి పోయాను.

వచ్చేసరికి రాబిన్సన్ ఆర్44 హెలికాప్టర్ ఒకటి పార్కింగ్ వైపు వస్తోంది. దానికి చక్రాలుండవు, స్కిడ్లే. నేలమీద దొర్లలేదు కాబట్టి కొద్ది ఎత్తులో గాల్లో తేలుతూ జరగాలి. దీన్నే హోవర్ టాక్సీ అంటారు. పైలట్ మా విమానాల వరుసకి మరీ దగ్గరగా వచ్చాడు. దుమ్ము లేచింది. కళ్లు నులుముకుని చూస్తే సెస్నా ఎడమ చక్రం గాల్లో ఉంది! మరుక్షణం విమానం పక్కకి తిరిగింది. రెక్క కొస పక్క విమానానికి తగిలి పగిలింది.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. మనం పరీక్ష కోసం బట్టీపట్టిన మొమెంటం థియరీయే. ఆర్44 గరిష్ఠ బరువు 1,089 కిలోలు, రోటర్ వ్యాసం 10 మీటర్లు. ఆ బరువుని గాల్లో నిలపాలంటే కిందికి నెట్టే గాలి వేగం గంటకి 50 కి.మీ. దాటుతుంది. అది నేలకి తగిలి నలువైపులా పరుచుకుంటుంది. ఖాళీ సెస్నా బరువు సుమారు 500 కిలోలే. గాలి ఎక్కణ్ణించి వచ్చిందో రెక్కకి అనవసరం, లేవడమే దాని పని. ఇలా తేలుతున్న హెలికాప్టర్‌కి చిన్న విమానాలు మూడు రోటర్ వ్యాసాల దూరంలో ఉండాలని అమెరికా ఎఫ్‌ఏఏ చెబుతుంది. అంటే 30 మీటర్లు. ఆ రోజు అందులో సగం కూడా లేదు.

అందరూ పైలట్‌దే తప్పన్నారు. నిజమే. నిజమే కాబట్టి నోరు మూసుకోవడం నాకు మరీ సులువైంది. రెండు రోజులు టీలు తెచ్చాను, అన్నం సరిగ్గా తినలేదు.

మూడో రోజు మెకానిక్ అన్న దగ్గరికెళ్లి చెప్పేశాను. ఆయన తలెత్తలేదు.

"తెలుసు తమ్ముడూ. తెగిన తాడుకి పోగులు లేస్తాయి. ఇది విప్పిన తాడు."

"మరి రిపోర్టులో?"

"ఆ గడి ఖాళీగా ఉంచినా. నువ్వే రాయి."

పెన్ను ఇచ్చాడు. పేరు, కాలేజీ, తేదీ టకటకా రాసేశాను. 'తాడు విప్పింది నేనే' అన్న ఒక్క లైనుకి మాత్రం చాలాసేపు పట్టింది. ఆలోగా ఆయన టీ తనే తెచ్చుకున్నాడు, నాక్కూడా ఒకటి.