బిల్డ్ ఆగిందంటే మనకు రాదని కాదు



మా హాస్టల్‌లో కంప్యూటర్లు చదివేవాళ్లం కొద్దిమందిమే. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకేనేమో, స్క్రీన్ మీద ఎర్రర్లు వరస కట్టగానే "ఇది మనవల్ల కాదురా" అనే మాట ముందుగా వచ్చేస్తుంది. ఆ మాటను మా నోట్లోంచి తీసేసిన సంగతి ఒకటి చెప్తాం.

యూనిక్స్ తరహా సిస్టమ్‌లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ లెక్కను దాచే టైపు పేరు టైమ్-టి. 32 బిట్లయితే అందులో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 సెకన్లే పడతాయి. మన టైములో 2038 జనవరి 19 పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఆ కుంచం నిండిపోతుంది. మరుసటి సెకనుకి తేదీ 1901కి వెళ్లిపోతుంది.

2014లో వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 5.5లో దీన్ని అన్ని మెషిన్ల మీదా 64 బిట్లు చేశారు. మార్చింది ఒక్క టైపే గానీ, దాన్ని వాడే చోట్లన్నీ కదిలాయి. ప్రింట్‌ఎఫ్‌లో 'ఎల్‌డీ' అని ఉంటే, 32 బిట్ మెషిన్ ఎనిమిది బైట్లలో నాలుగే చదువుతుంది. మిగతా నాలుగూ తర్వాతి విలువ అనుకుంటుంది. హెచ్చరికను కూడా ఎర్రర్‌గా చూడమని కంపైలర్‌కి చెప్పి ఉంటే బిల్డ్ అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు రెండు దారులు. విలువను ఇంట్‌కి కుదించి కాస్ట్ పెడితే బిల్డ్ పాసైపోతుంది, కానీ 2038 మళ్లీ లోపలికొచ్చి కూర్చుంటుంది. లాంగ్ లాంగ్‌కి కాస్ట్ చేసి 'ఎల్ఎల్‌డీ' రాస్తే పని ఎక్కువ, కానీ విలువ చెక్కుచెదరదు. ఇక కంపైలర్ చెప్పనివీ ఉంటాయి: ఇంట్‌లో దాచిన టైము, డిస్క్ మీది పాత రికార్డులు. వాటిని గ్రెప్‌తో మనమే వెతుక్కోవాలి. కెర్నల్, లైబ్రరీలు, ప్రోగ్రాములు కలిసే మారాలి.

కాబట్టి ఎర్రర్ల లిస్టు మన తెలివికి వేసిన మార్కులు కాదు. సర్వేకి వెళ్లేటప్పుడు చేతికిచ్చే ఇళ్ల జాబితా లాంటిది. మొదటి ఎర్రర్ ముందు చదవండి, కింద ఉన్నవి చాలావరకు దాని పిల్లలే. ఫైళ్లు తలా కొన్ని పంచుకోండి. ఎర్రర్ నోరు మూయించే కాస్ట్ మాత్రం పెట్టొద్దు.

2038కి మనలో చాలామందికి ముప్పై దాటి ఉంటుంది. ఆ రోజు ఆ మెషిన్ల దగ్గర డ్యూటీలో ఉండేది మనమే కావచ్చు.