ఆగస్టు దాకా ఉరుకుడు

16 మార్చి 2025, ఆదివారం

ధర్మపురిలో బ్రహ్మోత్సవాలు. తెల్లవారక ముందే గోదావరి గట్టంతా స్నానాల జనం, గుడి వీధుల్లో సందు లేదు. రాయపట్నం వైపు రోడ్డు పట్టాను. 63వ నంబరు జాతీయ రహదారి అది, లారీలకు ఎదురుగా కుడి అంచునే ఉరకాలి. వచ్చేది కళ్ళకు కనబడాలి కదా. రెండు నిమిషాలు ఉరుకుడు, ఒక నిమిషం నడక. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికావాడు జెఫ్ గాలోవే కొత్తవాళ్ళ కోసం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. నడిస్తే నామోషీ ఏమీ లేదు, మోకాళ్ళు మిగలాలి. ఒక ఆటో పక్కకొచ్చి ఆగింది. "ఏమైంది సార్? బస్సు పోయిందా? ఎక్కున్రి."

6 ఏప్రిల్, శ్రీరామనవమి

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఉరికి, సికిల్ సెల్ రోగుల కోసం చందాలు పోగుచేస్తానన్నాను. పొద్దున బాపు అడిగాడు: "పైసలియ్యాలంటే ఇయ్యరాదు బిడ్డా, నడుమ ఈ ఉరుకుడెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. నా ఒక్కడి జేబులోంచి ఎంత వస్తుంది? పది మందిని అడగాలి. ఊరికే చెయ్యి చాపితే మొహం తిప్పుకునే మనిషి, ఒళ్ళు కష్టపెట్టుకుని అడిగితే ఆగి వింటాడు. మేడారం జాతరకు నిలువెత్తు బెల్లం తూచి ఇచ్చే జనానికి ఇది విడమర్చి చెప్పాలా? బాపుకు అంతా చెప్పాను. "అయితే మొక్కేనాయె" అని పేపరు తీశాడు.

కెనడాలో టెర్రీ ఫాక్స్ చేసిందీ ఇదే. కేన్సర్‌కు కుడి కాలు పోయింది. 1980లో కృత్రిమ కాలితో రోజుకు దాదాపు ఒక మారథాన్ దూరం చొప్పున 143 రోజులు ఉరికాడు. ఊపిరితిత్తులకు జబ్బు పాకాకే ఆగాడు. దేశాన్ని అతను అడిగింది తలా ఒక డాలర్. నేను తలా వంద అడుగుతాను.

11 మే, ఆదివారం

ఆరు దాటితే రోడ్డు మీద నిలబడలేం. టీవీలో ఎండల పట్టిక వేస్తే మా జగిత్యాల జిల్లా పేరు పైవరుసలోనే ఉంటుంది. నాలుగింటికే బయల్దేరాను. రాయపట్నం వంతెన మీద నిలబడి సీసా ఎత్తాను. ఉప్పు, నిమ్మకాయ కలిపిన నీళ్ళు. వంతెన అవతలిది మంచిర్యాల జిల్లా, 2016 దాకా అది ఆదిలాబాదే.

ఆ ఆదిలాబాద్‌లోనే, ఉట్నూరు దిక్కు ఆశ్రమ పాఠశాలలో నేను పనిచేసినప్పుడు ఒక గోండు పిల్లవాడు ఉండేవాడు. ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చునేవాడు, మిగతా పిల్లలు వెక్కిరించేవాళ్ళు. వాడికి సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకలు విరుగుతున్నట్టు నొప్పి వస్తుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినా, చలి తగిలినా, మితిమీరి ఉరికినా ఆ నొప్పి లేస్తుంది. ఈ జబ్బు తెచ్చే జన్యువు ఒక్క ప్రతే ఉంటే మలేరియా నుంచి కొంత కాపాడుతుంది, అందుకే మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో నిలిచిపోయింది. తల్లికీ తండ్రికీ ఒక్కో ప్రతి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. హైడ్రాక్సీయూరియా మందు నొప్పులను తగ్గిస్తుంది, కానీ ముందు జబ్బు ఉందని తెలియాలి కదా. పెళ్ళికి ముందు జాతకాలు చూసే మనం రక్తం చూడం.

నేను సీసా ఎత్తితే దాహం తీరింది. వాడు ఇంత దాహం వేసేదాకా ఉరికితే ఆస్పత్రి పాలే.

19 జూన్, గురువారం

ఇవాళ ప్రపంచ సికిల్ సెల్ దినం. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని కేంద్రం 2023 జూలై 1న మిషన్ మొదలుపెట్టింది. స్టాఫ్ రూంలో ఇదంతా చెప్తే మొదటి ప్రశ్న: "ఎయిటీ జీ రసీదు ఇస్తరా?" డబ్బు అందుకునే తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీవాళ్ళు ఇస్తారు. కానీ కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఆ రసీదుతో వచ్చే పన్ను మినహాయింపు లేదు, పాత విధానంలోనైనా రెండు వేలు దాటిన నగదుకు లేదు. చెప్పగానే సగం మంది ముఖాలు వాడాయి. అయినా ఇచ్చారు. టీ పోసే అమ్మ మాత్రం రసీదు మాటే ఎత్తకుండా వంద పెట్టింది.

ఇంకొకటి తేటగా చెప్పాల్సి వచ్చింది. పోటీలో చేరడానికి కట్టే ఫీజు నిర్వాహకులకు పోతుంది, దానం వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

6 జూలై, తొలి ఏకాదశి

హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కే పేరు ఇచ్చాను. పూర్తి దూరం 42.195 కిలోమీటర్లు. ముప్పై దాటేసరికి కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటుతుందంటారు. మొదటి ఏడే అంత దూరం పెట్టుకోవడం తెలివితక్కువ. పైగా నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్ల ఎక్కుదిగుళ్ళే. గోదావరి ఒడ్డున చదును నేల మీద ఉరికే కాళ్ళకు ఎక్కుడు నేర్పాలి. వచ్చే ఆదివారం నుంచి కొండగట్టు.

వాట్సాప్ గ్రూపుకు రాసి పెట్టుకున్నది:

"ఆగస్టు 24న హైదరాబాద్‌ల 21.1 కిలోమీటర్లు ఉరుకుతున్న. తలా వంద రూపాయలు. నాకు కాదు, తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఖాతాకే నేరుగ పంపున్రి, రసీదు మీ పేరు మీదనే వస్తది. నేను అందరికంటే ఆఖరున వచ్చినా పైసలు వాపసు రావు."