ఒక్క రోజు తక్కువ

"పిన్నీ, బ్రయంట్ కేసు ఓడిపోయాడు!"

రెండేసి మెట్లు దిగుతూ అక్క కొడుకు అరిచిన అరుపు అది. 2020 జనవరి చివరి రోజులు. షికాగో పక్కన నేపర్‌విల్‌లో అక్కా వాళ్లిల్లు. కిటికీ బయట మంచు గట్టిపడి, మురికిపట్టి ఉంది. వాడి మొహం మాత్రం వెలిగిపోతోంది. నాకు అర్థం కాలేదు. క్రిస్ బ్రయంట్ అంటే వాడికి ప్రాణం. షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టులో మూడో బేస్ దగ్గర ఆడేవాడు. వాడి మంచం పైన గోడకున్న పెద్ద బొమ్మ అతనిదే.

"ఓడిపోతే నీకెందుకురా అంత సంబరం?"

"గెలిస్తే ఈ సీజన్ అవగానే వెళ్లిపోయేవాడు పిన్నీ. ఇప్పుడు ఇంకో రెండు సీజన్లు మన దగ్గరే ఉండాలి. వేరే దారి లేదు."

పదమూడేళ్ల పిల్లవాడు. నేనేమీ అనలేదు. కానీ 'మన దగ్గరే' అన్న మాటా, 'వేరే దారి లేదు' అన్న మాటా ఒకే ఊపిరిలో రావడం చాలా రోజులు నన్ను వదల్లేదు.

ఆ చలికాలం నేనక్కడ ఎందుకున్నానో చెప్పాలి. సాహిత్యంలో డాక్టరేట్ పుచ్చుకుని 2016లో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్ట్ లెక్చరర్‌గా చేరాను. జూలైలో ఆర్డర్ ఇస్తారు, ఏప్రిల్ 30న రిలీవ్ చేస్తారు. రెండు నెలల ఖాళీ తర్వాత మళ్లీ కొత్త ఆర్డర్, కొత్త తేదీ. ఎన్నేళ్లు చేసినా కాగితం మీద ఎప్పుడూ మొదటి ఏడాదే. మూడో ఏట కడుపుతో ఉన్నాను. నెలలు నిండుతుంటే ప్రసూతి సెలవు సంగతి అడిగాను. "కాంట్రాక్ట్ వాళ్లకి సెలవెక్కడిదమ్మా? మనమంతా ఒక కుటుంబం. రాజీనామా ఇచ్చి నిశ్చింతగా వెళ్లు, జూన్‌లో మళ్లీ నిన్నే తీసుకుంటాం" అన్నారు. 2019 జనవరి 21న సంతకం పెట్టాను. ఫిబ్రవరిలో పాప పుట్టింది. జూన్ వచ్చింది. నా తరగతులకి వేరే ఎవరో వచ్చారు. ఆ ఏడాదంతా ఫోన్ మోగుతుందేమోనని చూసి చూసి, చివరికి అక్క టికెట్ పంపిస్తే పాపని ఎత్తుకుని వెళ్లాను.

బేస్‌బాల్ ఆట నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు. ఆడని కాలం మాత్రం బాగా అర్థమైంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మైదానాలు మూసి ఉంటాయి. జట్టు తయారయ్యేది అప్పుడే. నలభైమంది జాబితాలో ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలెయ్యాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి అని క్లబ్బులు లెక్కలు వేస్తాయి. మావాడూ ఒక నోటుబుక్కులో గడులు గీసుకుని వేసేవాడు. పేరు, వయసు, జీతం, ఇంకా ఎన్నేళ్లు 'మనవాడు'. మా ఊళ్లో పెళ్లిసంబంధాల మధ్యవర్తి ఒకాయన అచ్చం ఇలాంటి పుస్తకమే పెట్టుకుని తిరిగేవాడు.

ఆ గడుల్లో కొట్టేసిన పేరు ఒకటి కనిపించింది. ఎడిసన్ రసెల్. అడిగితే వాడు గొంతు తగ్గించి చెప్పాడు. గృహహింసపై లీగ్ పెట్టుకున్న నియమాల్ని ఉల్లంఘించాడని 2018 అక్టోబరులో అతన్ని 40 ఆటలు సస్పెండ్ చేశారు. అయినా నవంబరు చివర్లో కబ్స్ అతనికి మళ్లీ కాంట్రాక్ట్ ఇవ్వజూపింది. మారేందుకు తోడ్పడతామంది. ఏడాది తిరిగాక, 2019 డిసెంబరు 2న వదిలేసింది. ఎందుకు వదిలేశారో క్లబ్బు అధ్యక్షుడు థియో ఎప్‌స్టీన్ దాపరికం లేకుండానే చెప్పాడు. అతనికిప్పుడు మధ్యవర్తిత్వంలో రాబోయే జీతానికీ, జట్టులో అతనికి ఉండబోయే పనికీ పొంతన లేదట. అంతే! ఒక స్త్రీ మీద జరిగిన హింస తేల్చలేనిదాన్ని జీతం అంచనా తేల్చేసింది. ఇలా కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలెయ్యడాన్ని 'నాన్ టెండర్' అంటారు. ఇంగ్లీషులో ఆ టెండర్ మాటకి మృదువైన అనే అర్థం కూడా ఉంది. సాహిత్యం చదువుకున్న పాపానికి ఇలాంటివి ఊరికే కంటికి తగులుతుంటాయి.

బ్రయంట్ సంగతి వేరు. అతను అందరూ కావాలనుకున్నవాడు. 2015 వసంతంలో సన్నాహక ఆటల్లో 14 ఆటలకి 9 హోమ్ రన్లు కొట్టాడు. అయినా సీజన్ మొదలయ్యేసరికి అతన్ని అయోవాలోని కింది జట్టుకి పంపించారు. మూడో బేస్ దగ్గర కాపు ఇంకా మెరుగుపడాలన్నారు. ఏప్రిల్ 17న పైకి పిలిచారు. ఇక్కడే ఉంది కిటుకు. ఆ సీజన్ మొత్తం 183 రోజులు. పై స్థాయిలో 172 రోజులుంటే దాన్ని పూర్తి ఏడాది సర్వీసుగా లెక్కేస్తారు. అలాంటివి ఆరేళ్లు నిండితేనే ఆటగాడు తనకిష్టమైన జట్టుకి వెళ్లగలడు. ఏప్రిల్ 17 నుంచి లెక్కపెడితే బ్రయంట్‌కి వచ్చినవి 171.

ఒక్క రోజు తక్కువ.

ఆ ఏడు అతనే తన లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు. మరుసటి ఏడు అత్యంత విలువైన ఆటగాడు. 108 ఏళ్ల తర్వాత కబ్స్ ప్రపంచ సిరీస్ గెలిచిన 2016లో, చివరి బంతిని అందుకుని మొదటి బేస్‌కి విసిరిందీ అతనే. ఇవన్నీ నిజం. ఏడాది పూర్తికాలేదన్నదీ కాగితం మీద నిజమే. ఆటగాళ్ల యూనియన్ 2015లో వేసిన ఫిర్యాదు తేలేసరికి 2020 వచ్చింది. మధ్యవర్తి క్లబ్బు పక్షాన తీర్పిచ్చాడు.

"కోట్లు తెచ్చుకునేవాడి కష్టం నీకెందుకే?" అంది అక్క, వంటింట్లోంచి. నిజమే. 2020కి అతను ఒప్పుకున్న జీతం కోటీ 86 లక్షల డాలర్లు. నేను మా కాలేజీలో చేసినన్నాళ్లూ నెల నెలా జీతం పడితే గొప్ప. మా ఇద్దరి కష్టం ఒకటేనని అనను. అంటే అది అతనికి కాదు, మస్టర్ రోల్ మీద వేలిముద్ర వేసే ఆడవాళ్లకి అన్యాయం. కానీ రోజులు లెక్కపెట్టే ఆ చెయ్యిని మాత్రం గుర్తుపట్టాను. ప్రతి ఏప్రిల్ 30నా నా రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకం పెట్టింది అలాంటి చెయ్యే.

ఆ రాత్రి పాప పడుకున్నాక నా రోజులు నేను లెక్కపెట్టుకున్నాను. 2018 జూలై 2 నుంచి 2019 జనవరి 21 దాకా 204. సెలవులన్నీ తీసేసినా 150కి తగ్గవు. తర్వాత ప్రసూతి ప్రయోజనాల చట్టం తెరిచి చదివాను. ముప్పయి దాటిన దాన్ని, స్త్రీల శ్రమ మీద సెమినార్లలో పత్రాలు చదివిన దాన్ని, ఆ 1961 నాటి చట్టాన్ని అదే మొదటిసారి చదవడం. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు. ఢిల్లీ నగరపాలక సంస్థలో రోజుకూలీ స్త్రీలకు కూడా ఆ హక్కు ఉందని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2017 నుంచి అది 26 వారాల సెలవు, జీతంతో.

బ్రయంట్‌కి ఒక్క రోజు తక్కువైంది, అయినా అతని యూనియన్ ఐదేళ్లు పోట్లాడింది. నాకు రోజులు మిగిలిపోయాయి. నేను రాజీనామా రాసిచ్చాను, అదీ 'కృతజ్ఞతలతో' అని ముగించి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కుటుంబం అన్నారు కదా, కుటుంబంతో పేచీ ఏమిటనుకున్నాను. మావాడి 'మన దగ్గరే' వినగానే గుచ్చుకున్నది అదే కాబోలు. వాడిది ప్రేమే, కాదనను. కాకపోతే ఆ ప్రేమ వెళ్లి యజమాని లెక్క పక్కన కూర్చుంది. పుట్టింటికి పంపకుండా "మా కోడలు మా దగ్గరే ఉండాలి" అనే ఇళ్లలోనూ ప్రేమ ఉంటుంది.

ఆ రెండు సీజన్లు కూడా పూర్తిగా కబ్స్‌లో గడవలేదు. 2021 జూలై 30న బ్రయంట్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకి ఇచ్చేశారు. "పంపించేశారు పిన్నీ" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు మావాడు. ఆ డిసెంబరులో క్లబ్బుల యజమానులు ఆటగాళ్లకి తలుపులు మూశారు. 2022 మార్చిలో కుదిరిన కొత్త ఒప్పందంలో, ఒక్కో లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాళ్ల ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్లకి రోజులు తగ్గినా పూర్తి ఏడాది ఇవ్వాలని రాసుకున్నారు. ఆ నియమం 2015లో ఉంటే అతని కేసే లేదు. ఆ నెలలోనే అతను కొలరాడోతో ఏడేళ్లకి 18 కోట్ల 20 లక్షల డాలర్లకి సంతకం చేశాడు. తర్వాత గాయాలు అతన్ని ఎక్కువగా ఆడనివ్వలేదు.

నేనిప్పుడు ఒక పరిశోధన ప్రాజెక్టులో ఉన్నాను. అదీ ఏడాదికోసారి పొడిగింపే. ఈమధ్య మా పక్క గదిలో పనిచేసే అమ్మాయి, ఏడో నెల, తలుపు దగ్గర నిలబడి, "రాజీనామా ఇచ్చి మళ్లీ చేరమంటున్నారు మేడమ్" అంది. కూర్చోబెట్టి, హాజరు పట్టీ తెప్పించి, ఇద్దరం లెక్కపెట్టాం. 143. పాత చట్టం 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయిందనీ, 80 రోజుల లెక్క మారలేదనీ చెప్పాను. దరఖాస్తు తనే రాసింది. 'దయతో మంజూరు చేయగలరు' అని ఉంటే 'దయతో' కొట్టేశాను. కొట్టివేత కనపడుతుందని మళ్లీ శుభ్రంగా రాసింది. ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుని, ఆ కాగితాన్ని తన బ్యాగులో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుంది.

ఇది రాసేనాటికి జవాబు రాలేదు.