ఎముకలు ఎవరివి, వ్యాసం ఎవరిది?

కనిగిరి ప్రాంతపు ఫ్లోరోసిస్ గురించి ఒక వైద్య పత్రికకు వ్యాసం సిద్ధం చేస్తున్నాను. "చెంబు కిందపడితే నడుం వంగదయ్యా, మనవరాలు రావాల్సిందే" అన్నదొక ముసలమ్మ. ప్రవేశిక, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే నాలుగు గదుల్లో ఆ మాట ఎక్కడా ఇమడలేదు. ఆమె పట్టికలో ఒక అంకె అయింది.

ఆ అంకెను నేను నిందించను. లీటరు నీటిలో ఫ్లోరైడు ఎన్ని మిల్లీగ్రాములో, ఎక్స్‌రేలో వెన్నెముక ఎట్లా ఉందో చెప్పకపోతే మన ఆవేదన సాక్ష్యం కాదు. 1937లో షార్ట్ ప్రభృతులు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌ను (నాడు కనిగిరి ఆ జిల్లాలోదే) ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చిలో కొలతలతో ప్రకటించబట్టే గదా, ఆ బాధ వైద్యలోకం లెక్కకెక్కింది!

నా తగాదా వేరు. ఒక్క రోగినైనా చూడని పెద్దమనిషి ఒకాయన రచయితల్లో తన పేరు ముందుండాలన్నారు. ఒక విదేశీ పత్రిక, వ్యాసం అందరికీ ఉచితంగా అందాలంటే నన్ను వేల డాలర్లు కట్టమన్నది. కట్టకపోతే చదువరి కొనుక్కోవాలి. తప్పొప్పులు చూసిపెట్టే సమీక్షకులకు మాత్రం సాధారణంగా దమ్మిడీ ముట్టదు. ఇదేం వ్యాపారం!

రుసుము లేని పత్రికకే పంపాను. సారాంశం తెలుగులో ఒక పుట రాసి ఆ ఊరి పంచాయతీ గోడకు అంటించాను. ముసలమ్మ మనవరాలు చదివి అడిగింది: "మంచినీళ్లు ఎప్పుడొస్తాయో ఇందులో ఎక్కడుంది సార్?"