ఒక్క గిన్నె పాస్తా... మూడు ఊళ్ల రుచి

నాకు వంట వచ్చని ఆఫీసులో చెబితే నమ్ముతారు. ఇంట్లో చెబితే నవ్వుతారు. ఇద్దరి మాటా నిజమే. బెంగళూరులో నా వంటిల్లంటే ఒక ఇండక్షన్ స్టవ్, ఒక గిన్నె, ఒక గరిటె. రాత్రి తొమ్మిదికి ఆఖరి కాల్ అయ్యాక ఆ గిన్నెలో ఏది ఉడికితే అదే భోజనం. అలా నేర్చుకున్నదే వన్‌పాట్ పాస్తా. నాకు ధైర్యంగా వచ్చిన వంట అదొక్కటే.

సంక్రాంతి అయిన వారానికి కుప్పం నుంచి నాన్న ఫోన్ చేశాడు. అమ్మ సంపు దగ్గర జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

తర్వాత రోజూ ఫోన్లో అడుగుతూనే ఉన్నా. పదో రోజు నాన్న గొంతు తగ్గించి చెప్పాడు. ‘‘మీ అమ్మ సరిగ్గా తినడంలేదురా. మాతో కూచోమంటే కూచోదు. అందరం తిన్నాక ఒక్కతే వంటింట్లో ఏదో తింటాంది.’’

నొప్పి వల్లేమో అనుకున్నా. శనివారం వస్తున్నానని చెప్పా. ‘‘నేరుగా రావాకు. మదనపల్లి పోయి అవ్వను పిల్చకరా. కూతుర్ని చూడాలని ఒకటే పోరు’’ అన్నాడు.

బెంగళూరు నుంచి కుప్పానికి రైలెక్కితే హాయిగా ఇంటికి చేరొచ్చు. ఈసారి మాత్రం బస్సు. బ్యాగులో రెండు జతల బట్టలు, అరకిలో పాస్తా ప్యాకెట్, 199 రూపాయల పాస్తా సాస్ సీసా.

మదనపల్లి: సీసాకు ఒక క్రేటు

తెల్లారక ముందే బయల్దేరిన బస్సు హోస్కోటె, చింతామణి దాటి మదనపల్లి చేరేసరికి ఎండ ఇంకా పైకి రాలేదు. హార్స్‌లీ హిల్స్ పక్కనున్న ఊరు కదా, జనవరి పొద్దున స్వెటర్ లేకుండా దిగితే పళ్లు టకటకలాడతాయి. ఈ ఊరి బీటీ కాలేజీలోనే 1919 ఫిబ్రవరిలో టాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లిషులోకి అనువదించారు. బడిలో పాడేటప్పుడు ఈ సంగతి తెలియదు. తెలిశాక ఆ కాలేజీ గేటు ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ ఒకసారి అటు చూస్తా.

కానీ మదనపల్లి పేరు చెబితే దేశానికి గుర్తొచ్చేది టమాటానే. మా మామ రైతు. ఆ రోజు కాయ తెచ్చాడు, అందుకే అవ్వ కంటే ముందు మార్కెట్‌కే వెళ్లా. ఎటు చూసినా క్రేట్లే. వేలం పాడే గొంతులు, వెనక్కి వచ్చే టెంపోల హారన్లు, కాళ్ల కింద నలిగిన టమాటా. ఉత్తరాది దాకా లారీలు పోతాయి కాబట్టి పూర్తిగా పండని, గట్టి తొక్క కాయకే గిరాకీ. బాగా మాగింది దారిలో చితికిపోతుంది. అంటే, చెట్టు మీద మాగి రుచికొచ్చిన పండు ఇక్కడ లెక్కలోకి రాదు.

ఆ రోజు మామకు పలికిన రేటు కిలో ఏడు రూపాయలు. కోత కూలి, టెంపో బాడుగ తీసేస్తే ఏం మిగులుతుందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 2023 జూలైలో ఇదే మార్కెట్‌లో కిలో 200 రూపాయలకు చేరువగా పలికింది. అప్పుడు మీమ్స్ మనమూ ఫార్వర్డ్ చేశాం, గుర్తుందా? ఆ జూలైలో మామ చేలో టమాటా లేదు. అంతకు ముందు పంటకు కోత కూలి కూడా రాక చేలోనే వదిలేశాడు. ఆ కోపంతో ఆసారి చెనక్కాయ వేశాడు. టమాటా రేటు ఎప్పుడూ ఇంతే. రేటు లేదని అందరూ మానేస్తారు. కాయ తగ్గి రేటు పెరుగుతుంది. రేటు చూసి అందరూ వేస్తారు. మళ్లీ పడిపోతుంది.

మార్కెట్ బయట టీ తాగుతూ బ్యాగు తెరిచినప్పుడు మామ సాస్ సీసా చూశాడు. తిప్పి రేటు చదివాడు.

‘‘ఇదేందిరా?’’

‘‘టమాటా సాస్ మామా. పాస్తాలోకి.’’

మనసులో లెక్క వేసుకున్నాడు. ‘‘రెండు నూర్లంటే ఇరవై ఎనిమిది కిలోలు. ఒక క్రేటు కాయ.’’ కోపం లేదు, వెటకారం లేదు. సీసా నా చేతికిచ్చి, అమ్ముడుపోవని పక్కన పెట్టిన మాగిన పండ్లలోంచి ఏరి మూడు కిలోలు సంచిలో వేశాడు. ‘‘కూరకు ఇవే రుచి. లారీకే పనికిరావు.’’

ఆ సీసా బ్యాగు అడుక్కి పోయింది. ఇప్పటికీ మూత తీయలేదు.

పుంగనూరు: అనపగింజలు, మీగడ

మామ ఇంటికెళ్లి అవ్వను తీసుకుని పుంగనూరు బస్సెక్కా. అవ్వకు ఎనభై దాటాయి. కిటికీ సీటు ఇస్తే చిన్నపిల్లలా దారంతా కబుర్లే. ఈ చేను ఎవరిది, ఆ చెరువు ఏ ఏడు నిండింది... అన్నీ లెక్క ఆమె దగ్గర.

పుంగనూరు అంటే మీకు గుర్తొచ్చేది ఆవే. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ ఢిల్లీలో తన ఇంట్లో మేత పెట్టిన ఆ పొట్టి ఆవులు ఈ నేల జాతే. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పాలు కొంచెమే ఇస్తాయి, వెన్న మాత్రం మామూలు ఆవు పాలకు దాదాపు రెట్టింపు. ఈ జాతి అంతరించి పోకుండా పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో పెంచుతున్నారు. రీల్స్ చూసి ఊళ్లో వీధికో పుంగనూరు ఆవు కనపడుతుందనుకుంటే మాత్రం నిరాశే. మా చిన్నమ్మ దొడ్లో ఉన్నది జెర్సీ క్రాస్. అడిగితే ‘‘ఆ ఆవు కొనేంత దుడ్లుంటే నేను కారే కొంటా’’ అంటుంది.

మేం వెళ్లేసరికి చిన్నమ్మ వరండాలో అనపగింజలు పితుకుతోంది. చిత్తూరు, కోలారు వైపు చలికాలం అంటే అనపకాయల కాలం. కాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నొక్కితే తొక్కలోంచి పప్పు ‘టక్’మని బయటికొస్తుంది. అదే పితికిపప్పు. మెషిన్ లేదు, షార్ట్‌కట్ లేదు. ఎంతమంది కూర్చుంటే అంత తొందరగా అవుతుంది. మేమూ కూర్చున్నాం. గంటన్నర పట్టింది. రెండు బస్సులు పోయాయి.

పితుకుతూనే అమ్మ సంగతి చెప్పుకున్నాం. ఒక్కతే తింటోందని చెప్పగానే అవ్వ చెయ్యి ఆగింది. ‘‘ఏ చేత్తో తింటాంది?’’ అని అడిగింది.

నేను ఆలోచించనేలేదు. ‘‘కుడి చేతికి కట్టు కదా అవ్వా. ఎడం చేత్తోనే తినాల’’ అన్నా.

అవ్వ ‘ఊఁ’ అని మళ్లీ పితకడం మొదలుపెట్టింది.

రాత్రికి పాస్తా చేస్తానని చెబితే చిన్నమ్మ నవ్వింది. నవ్వుతూనే ఒక డబ్బా నిండా పితికిపప్పు, చిన్న గిన్నెలో మీగడ కట్టిచ్చింది. ‘‘మీ అమ్మకు పితికిపప్పంటే ప్రాణం. ఏం చేస్తావో చెయ్యి, ఇది మాత్రం వెయ్యి.’’

కుప్పం: తెడ్డు నాన్న చేతిలో

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి దీపాలు పెట్టేశారు. మా ఊరు మూడు రాష్ట్రాల మూల. ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది, మా చెల్లి అక్కడే పీజీ చదువుతోంది. కానీ ద్రావిడ భాషల క్లాసు మా వీధిలో ఎప్పట్నుంచో నడుస్తోంది. అంగట్లో తెలుగులో బేరం మొదలై, తమిళంలో ముదిరి, కన్నడంలో తెగుతుంది.

అవ్వను చూసి అమ్మ ఏడ్చింది. అవ్వ ఏడవలేదు. కట్టు మీద ఒకసారి చెయ్యి వేసి, ‘‘పిల్లోడు వంట చేస్తాడంట, కూచో’’ అంది.

మా ఇంట్లో అంత పాస్తా పట్టేది ఒకటే, అమ్మ సంగటి గిన్నె. చెనక్కాయ నూనె కాగాక తెల్లగడ్డ, ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయలు. అవి వాడాక మామ ఇచ్చిన టమాటాలు. నిజంగానే ఐదు నిమిషాల్లో గుజ్జయిపోయాయి. నీళ్లు, పితికిపప్పు, ఉప్పు, ఆపైన పాస్తా. పక్కింటి అక్క వాసనకి తొంగిచూసి, ‘‘తక్కాళి సాదమా?’’ అంది. టమాటా అన్నమా అని. ఆలోచిస్తే తప్పేం లేదు. ఎసరు వంచకుండా, అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికించడం మన టమాటా అన్నం పద్ధతే కదా. 2013లో అమెరికాలో మార్తా స్టీవర్ట్ పత్రిక ఈ ఒక్క గిన్నె పాస్తాను అచ్చువేశాక నెట్ అంతా పాకింది. అప్పటికి మా అమ్మ ఒక్క గిన్నెలో అన్నీ వండి ఎన్నేళ్లయిందో.

ఇంకో మాట. పాస్తా ఇటలీది, నిజమే. టమాటా మాత్రం వాళ్లదీ కాదు, మనదీ కాదు. దక్షిణ అమెరికాది. 16వ శతాబ్దంలో గాని ఇటలీ దానిని చూడలేదు. మన చెనక్కాయ, మిరక్కాయ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. కాబట్టి పాస్తాలో పచ్చిమిర్చి వేశావా అని ఎవరైనా దీర్ఘం తీస్తే, ధైర్యంగా తినండి.

ఇంత తెలిసిన నేను అసలు పని మర్చిపోయా. నా ఇండక్షన్ మంట వేరు, ఇంట్లో గ్యాస్ మంట వేరు. వెడల్పు గిన్నె, పెద్ద మంట. పాస్తా ఉడక్కముందే నీళ్లు ఇంకిపోయాయి. నేను ఫోన్లో టైమర్ చూస్తున్నా. హాల్లోంచి అమ్మ గొంతు. ‘‘అడుగంటతాంది! మంట తగ్గించి నీళ్లు పోయ్!’’

మరుక్షణం గుమ్మంలో ఉంది. పది రోజుల తర్వాత అమ్మ గొంతులో ఆ పాత అధికారం విన్నా. గరిటె పక్కన పెట్టించి, సంగటి కెలికే తెడ్డు నాన్న చేతికి ఇప్పించింది. ‘‘పైపైన కాదు. సంగటి మాదిరి అడుగునుంచి తిప్పు.’’ ముప్ఫై ఏళ్ల కాపురంలో నాన్న తెడ్డు పట్టుకోవడం అదే మొదలు. చెమటలు కక్కుతూ తిప్పాడు. చెల్లి వీడియో తీసింది. పాస్తా దక్కింది.

చెంచాలు

హాల్లో నేల మీద గిన్నె పెట్టాం. చుట్టూ కూర్చున్నాం. అమ్మ మాత్రం వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ‘‘మీరు తినండి. నేను మళ్లా తింటా.’’

అది మా ఇంట్లో కొత్త మాటేం కాదు. చిన్నప్పట్నుంచీ వింటున్నదే. అన్నం పెట్టాలి, కూర పెట్టాలి, చారు, మజ్జిగ... ఎవరో ఒకరు నిలబడాలి. ఆ ఎవరో అమ్మే.

అవ్వ గిన్నె వైపు చూపించింది. ‘‘ఉండేది ఒకటే గిన్నె. అది ఈడే ఉండాది. నిలబడి ఏం వడ్డిస్తావు?’’

అమ్మ ఏమీ అనలేదు. కట్టు కట్టిన చెయ్యి చూసుకుంది. నాకు అప్పుడు అర్థమైంది, పుంగనూరులో అవ్వ చెయ్యి ఎందుకు ఆగిందో. ఎడం చేత్తో అన్నం తినడం... నలుగురి ముందు, మొగుడి ముందు, పిల్లల ముందు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనరు కూడా. అయినా పది రోజులుగా అమ్మ ఒంటరిగా తినడానికి కారణం నొప్పి కాదు, అది.

‘‘అందరికీ చెంచాలియ్యి’’ అంది అవ్వ నాతో. ‘‘ఆ గొట్టాలు చేతికి చిక్కవు.’’

మా అవ్వ జన్మలో చెంచాతో తిన్నది లేదు. ముందు తనే ఒకటి తీసుకుంది. రెండోది అమ్మ వైపు చాపింది, ఎడం చేతి వైపు. అమ్మ వచ్చి కూర్చుంది.

ఎవరం తలెత్తి చూడలేదు. టీవీ కూడా పెట్టలేదు. కాసేపు చెంచాల చప్పుడే. అవ్వ చెంచాలోంచి పాస్తా రెండుసార్లు జారి చీర మీద పడింది. చెల్లి నవ్వింది, తర్వాత అవ్వ, తర్వాత అమ్మ.

‘‘ఉప్పు తక్కువ. తెల్లగడ్డ ఎక్కువ’’ అంది అమ్మ. కాసేపాగి, ‘‘ఇంకొంచెం పెట్టు’’ అంది. అమ్మ నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదలు.

అడుగు మాడిన గిన్నె నాన్న తోమాడు. గంట పట్టింది.

మీరూ చేయాలంటే

ఐదారుగురికి అరకిలో పాస్తా చాలు. ప్యాకెట్ వెనక ‘డ్యూరమ్ గోధుమ రవ్వ’ అని ఉందో లేదో చూడండి. మైదాది ఒకే గిన్నెలో ముద్దయిపోతుంది. మాగిన టమాటాలు కిలో, ఎర్రగడ్డలు రెండు, తెల్లగడ్డ రెబ్బలు ఆరు (నాలా పది వేయకండి), పచ్చిమిరక్కాయలు మూడు, పితికిపప్పు ఒక గ్లాసు. అది దొరక్కపోతే పచ్చి బఠాణీ.

టమాటా గుజ్జయ్యాక లీటరు నీళ్లు పోసి, పప్పు వేసి ఐదు నిమిషాలు మరిగించండి. తర్వాత ఉప్పు, పాస్తా. మంట మధ్యస్థంగా పెట్టి, నిమిషానికోసారి అడుగు నుంచి తిప్పండి. 11, 12 నిమిషాలు పడుతుంది. పక్కన ఒక గ్లాసు వేడినీళ్లు ఉంచుకోండి, ఇంకితే పోయడానికి. నీళ్లు వంచేయం కాబట్టి పాస్తాలోని పిండి అందులోనే ఉండి రసాన్ని చిక్కబరుస్తుంది. కొంచెం పలచగా ఉన్నప్పుడే దించండి, ఆరేకొద్దీ గట్టిపడుతుంది. మీగడ పొయ్యి ఆర్పాకే కలపాలి. మరుగుతున్న టమాటా పులుపులో వేస్తే విరుగుతుంది. బెంగళూరులో నేను రెండుసార్లు పాలు పోసి విరగ్గొట్టాకే ఇది తెలిసింది.

అన్నిటికంటే ముఖ్యం, చెంచాలు లెక్క చూసుకోండి. ఇంట్లో వండే మనిషికి కూడా కలిపి.

ఆదివారం సాయంత్రం రైలెక్కా. బంగారుపేట దాటాక చెల్లి మెసేజ్ పెట్టింది. వాయిస్ నోట్, అవ్వది. ‘‘ఒరే, మళ్లా వచ్చేటప్పుడు ఆ గొట్టాలు రెండు ప్యాకెట్లు తీసకరా. మీ అమ్మ అడగమనింది.’’

వెనకాల అమ్మ గొంతు వినపడింది. ‘‘నేనెప్పుడన్నా మా?’’