మ్యూన్‌స్టరు నగరమున మా రెండు వాహనములు

మన బడి ఆవరణమున చెట్టు క్రింద వరుసగా నిలిపిన సైకిళ్లను చూచినప్పుడెల్ల మాకు జర్మనీ దేశమందలి మ్యూన్‌స్టరు నగరము జ్ఞప్తికి వచ్చును. అచ్చట మేము రెండు సంవత్సరములు నివసించితిమి. ఆ నగరవాసులు సైకిలును తమ యూరి మాటలో "లేట్సె" యందురు. వారికది బీదవాని వాహనము గాదు. వైద్యుడును, న్యాయవాదియు, కూరల బుట్టతో పోవు ముదుసలియు దానినే యెక్కుదురు.

ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో మేమును గంటకింత యని అద్దె యిచ్చి సైకిలు త్రొక్కినవారమే. అయినను అచ్చటి త్రోవ వేరు. పూర్వము కోటగోడ యుండిన స్థలమున నిప్పుడు పాత నగరమును చుట్టి ప్రోమెనాడె యను బాట గలదు. దాని నిడివి సుమారు 4.5 కిలోమీటర్లు, ఇరుప్రక్కల లిండెన్ చెట్లు, మోటారు కార్ల రొద లేదు. జర్మను భాష నేర్చుకొనుటకు ప్రతి యుదయము ఆ బాటనే పోవుచుంటిమి. తిరుగునప్పుడు చేయి చాపి దిక్కు సూచింపవలయును. రాత్రి దీపము లేకున్న జరిమానా. ఇక వానల సంగతి యేమని చెప్పుదుము! ఆ యూర వాన కురియును, లేదా గంటలు మ్రోగును, రెండును గూడినచో అది ఆదివారమని అచ్చటివారే హాస్యమాడుదురు.

రెండవ యేట మా కుడి మోకాలు మొరాయించెను. త్రొక్కుట మానుడని వైద్యులు చెప్పగా, విద్యుత్తుతో నడచు స్కూటరు నొకదానిని కొంటిమి. ఇది మన దేశపు స్కూటరువలె కూర్చుండి నడుపునది గాదు. సన్నని పలకపై నిలుచుండి, పిడి పట్టుకొని పోవలయును. 2019 జూన్ 15వ తేదీ నుండి ఆ దేశమున దీనికి రహదారిపై అనుమతి గలిగెను. వేగము గంటకు 20 కిలోమీటర్లు, బీమా చీటి వెనుక అంటింపవలయును, ఇద్దరెక్కరాదు, కాలిబాటపై పోరాదు. పదునాలుగేండ్లు నిండినవారికి లైసెన్సు అక్కరలేదని విని మన బాలురు సంతసింతురేమో!

సైకిలు త్రొక్కువానికి చలికాలమందును ఒడలు వెచ్చబడును. ఊరక నిలుచుండి పోవువానికి వ్రేళ్లు కొయ్యబారును. చక్రములు చిన్నవగుటచే రాళ్లు పరచిన వీధులలో పండ్లు కటకటలాడును. అయినను ఆ పలకయే లేనిచో మేము ఇల్లు కదలలేకుండెడివారము గనుక దానిని నిందింప మాకు నోరు రాదు.

మా క్రింది యింట చూపు లేని వృద్ధురాలొకతె యుండెను. తెల్లకర్ర యూతతో ఒంటరిగానే అంగడికి పోవునది. అద్దె స్కూటర్లెక్కినవారు పని తీరినచోటనే వానిని కాలిబాటకు అడ్డముగా విడిచిపోవుచుండిరి. ఆమె కర్ర చక్రముల నడుమ చిక్కును. పిడి కడుపునకు తగులును. 2022లో అంధుల సంఘమువారు ఈ విషయమై నగరముపై న్యాయస్థానమున కెక్కిరి గాని, సత్వరోత్తరువు కోరిన వారి యర్జీ ఫిబ్రవరిలో త్రోసివేయబడెను. పారిసు నగరమందో, 2023 ఏప్రిలున ప్రజల యభిప్రాయమడిగి, సెప్టెంబరు 1 నుండి అద్దె స్కూటర్లను తొలగించిరి. ఓటు వేసినవారు నూటికి ఎనిమిదిమంది యైనను లేరు! మాకే ఓటుండినచో ఏ ప్రక్క వేసియుందుమో యిప్పటికిని చెప్పజాలము.

ఉదయమున ఆమెతో గలసి బయలుదేరు దినములలో మేము ముందు నడచి, అడ్డముగా పడియున్నవానిని లేవనెత్తి గోడకు చేర్చుచుంటిమి. అవి మిక్కిలి బరువు. ఆ చప్పుడు విని యామె, "ఇది మీదియా?" యని ప్రతి దినమును అడుగుచుండెను. మాది నేలమాళిగలో సైకిలు ప్రక్కనే యున్నదని ప్రతి దినమును చెప్పుచుంటిమి.