వీధిపోటు ఇల్లు

తెనాలిలో మాకు అద్దెకు ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. "మీరేవుట్లు?" అనేవాళ్లు. మాలోళ్లం అనగానే, నిన్ననే ఎవరికో మాటిచ్చామనేవాళ్లు. 1996లో బ్రోకరొకడు ఈ పెంకుటిల్లు చూపించాడు. వీధిపోటు ఉందని ఏళ్ల తరబడి ఎవరూ కొనలా. దూలాలకు చెదలు, వంటింట్లో జిల్లేడు. ఆ వాస్తు భయమే మాకు కలిసొచ్చింది. జీపీఎఫ్ లోను, మా ఆవిడ గాజులు, ఇంకొంత అప్పు. ఈసీ తీయించి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పలా. తెలిస్తే వీధంతా ఒకటయ్యేది.

దొడ్లో నుయ్యి ఉంది. ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్లూ చుట్టుపక్కలోళ్లు అందులోనే తోడుకునేవాళ్లు. మేం దిగిన మర్నాటి నుంచీ ఒక్కళ్లూ రాలా.

మా అమ్మ ఊరిబావి దగ్గర బిందె కిందపెట్టి, ఎవరన్నా పోస్తారేమోనని గంటలకొద్దీ నిలబడ్డ మనిషి. 1927లో మహద్ చెరువులో అంబేద్కర్ నీళ్లు తాగిన సంగతి ఆమెకు తెలియదు. కప్పు తర్వాత, ముందు నుయ్యి బాగుచెయ్యమంది. పూడిక తీయించి గిలక వేయించాం. మొదటి బొక్కెన తనే తోడింది. గోడ అవతల పక్కింటావిడ చూస్తోంది.

"తోడుకోమ్మా, బిందె తెచ్చుకో."

ఆవిడ లోపలికి పోయింది.

"పోనీలేరా, మనకే మిగుల్తయ్" అని అమ్మ బొక్కెన మళ్లీ వదిలింది.